పెళ్లి పూలు మనమే చేసుకుందామంటే: ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ మునుగుతాం

పెళ్లికి ఇంకా పన్నెండు వారాలుందన్నారు. పూల అలంకరణకు చెప్పిన అంచనా చూసి గుండె జారిందన్నారు. అందుకని మీరూ మీ అక్కా కలిసి కాగితం పూలు చేసి హాలంతా నింపేద్దామనుకుంటున్నారు, ఏ పూలైతే చవకగా తేలుతాయని అడిగారు. పద్నాలుగేళ్లుగా పెళ్లిళ్లకు పూల పని చేస్తున్నాను, అందులో సగానికి సగం చేతిపూలే, అంటే చేత్తో చేసినవే. ఆ అనుభవంతో ముందుగా మీకు రుచించని మాట ఒకటి చెప్పేస్తాను. ఆ "హాలంతా" అన్న మాట కొట్టేయండి.

చేతిపూలకు సామాను ఖర్చు తక్కువే. అవి తినేది గంటలు. క్రేప్ కాగితంతో, అంటే సన్నటి ముడతలుండి లాగితే సాగే కాగితంతో, ఒక మామూలు గులాబీ చేయడానికి కొత్త చేతికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. చేయి తిరిగాక పన్నెండు, పదిహేనుకు దిగుతుంది. సరాసరి 18 నిమిషాలు వేసుకున్నా 200 పూలకు 60 గంటలు. ఇద్దరు కూర్చుంటే తలా 30. వినడానికి పర్వాలేదనిపిస్తుంది గానీ, ఆ గంటలన్నీ పెళ్లి పనుల మధ్యలోంచి, అదీ రాత్రిళ్లే దొరుకుతాయి. నేను మొట్టమొదట మా చెల్లెలి పెళ్లికి 300 గులాబీలు చేస్తానని గొప్పగా ఒప్పుకున్నాను. ముందురోజు అర్ధరాత్రికి 140 అయ్యాయి. వేడి జిగురు కార్చే గ్లూ గన్‌తో నాలుగు వేళ్లు కాల్చుకున్నాను. వాటిని తీసుకెళ్లి బల్లల మీద పరిచాం. తర్వాత ఫొటోలు తిరగేస్తే వాటిలో నా పూలు కనిపించింది రెండే రెండు చోట్ల, అదీ ఎవరిదో మోచేతి పక్కన.

అప్పటినుంచి ఏ పెళ్లికైనా నా లెక్క ఒకటే: కళ్లు ఎక్కడ పడతాయి, కెమెరా ఎక్కడ ఆగుతుంది? జంట వెనకున్న తెర, చేతిలోని గుత్తి, లోపలికి వచ్చే ద్వారం, జడలోనో కోటు మీదో పెట్టుకునే చిన్న పూలు. చేతిపని అక్కడే పెట్టండి. మిగతా చోట్ల ఆకులూ, గాజు సీసాలూ, ఒంటి కాడలూ చాలు. బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు పూల కంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

తెరతో మొదలుపెడదాం, ఎక్కువ డబ్బు కలిసొచ్చేది అక్కడే. తెర నింపాలంటే వందల చిన్న పూలు కావాలనుకుంటారు. అవసరం లేదు. అడుగున్నర, రెండడుగుల వెడల్పున్న పెద్ద పూలు ఏడో తొమ్మిదో చేస్తే పది గజాల దూరం నుంచి కూడా నిండుగా కనిపిస్తుంది. ఒక్కోదానికి గంటన్నర పట్టినా మొత్తం పద్నాలుగు గంటలు దాటదు. మందపాటి క్రేప్ గానీ రంగు చార్టు కాగితం గానీ తీసుకోండి. అట్టతో అరచేయంత గుండ్రని బిళ్ల కత్తిరించి అడుగున పెట్టండి. రేకులు మూడు కొలతల్లో కోయండి, పెద్దవి అయిదారు, మధ్యరకం అయిదు, చిన్నవి నాలుగు. ప్రతి రేకు అడుగు భాగంలో రెండు వేళ్ల పొడవు చీలిక పెట్టి, ఆ రెండు అంచులను ఒకదాని మీదికి ఒకటి జరిపి అతికిస్తే రేకు దానంతటదే దోసిలిలా లోతు తిరుగుతుంది. పెద్ద పూలు కొందరివి జీవంతో, కొందరివి పళ్లెంలా బల్లపరుపుగా రావడానికి కారణం ఈ చీలికే. కొసలను పెన్సిలుకు చుట్టి వెనక్కి వంచండి. ఒక వరుస రేకుల సందుల్లోకి తర్వాతి వరుస వచ్చేలా అతికించండి. మధ్యలో కేసరాలకు పొడవాటి పట్టీని దువ్వెన పళ్లలా సన్నగా కత్తిరించి గట్టిగా చుట్టేస్తే సరి.

ఆ తొమ్మిదింటిని తెరంతా సమానంగా చల్లకండి. పై మూల ఒకవైపు అయిదు గుమికూడాలి, దానికి ఎదురు కింది మూలలో మూడు, కాస్త ఎడంగా ఒకటి. నడుమ ఖాళీ ఉండాలి, జంట నిలబడేది అక్కడే కదా. రంగులు మూడుకు మించొద్దు. ఒకే రంగులో లేతది, మధ్యరకం, ముదురుది తీసుకుంటే ఇంకా మంచిది. చవక సామానుతో చేసినవైనా రంగులు తగ్గితే ఖరీదుగా కనిపిస్తాయి.

సందులు నింపడానికి టిష్యూ కాగితం గుండ్రాలు. ఇంతకంటే త్వరగా అయ్యే పువ్వు నాకు తెలియదు. ఎనిమిది షీట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, విసనకర్ర మడతలా రెండు వేళ్ల వెడల్పున ముందుకీ వెనక్కీ మడవండి. సరిగ్గా నడుమ తీగతో కట్టండి. రెండు కొసలూ గుండ్రంగా కోస్తే బంతిలా వస్తుంది, మొనదేలేలా కోస్తే చామంతి పోలిక వస్తుంది. ఆపైన ఒక్కో పొరను నెమ్మదిగా నడుమ వైపు లాగుతూ విప్పడమే. ఇంట్లో కట్టి, కత్తిరించి ఆపేయండి, విప్పడం మాత్రం హాల్లోనే చేయండి. విప్పని గుండ్రాలు యాభై కూడా ఒక చిన్న పెట్టెలో పడతాయి, విప్పినవైతే వ్యాను కావాలి. ఈ సంగతి నేను వ్యాను పిలిచాకే నేర్చుకున్నాను.

ఇక దగ్గర నుంచి చూసే పూలకు క్రేప్ కాగితం. ఇందులో ఒక్క సూత్రం పట్టుకుంటే సగం పని వచ్చినట్టే. కాగితం మీద సన్నటి ముడతలు ఒకే దిశలో ఉంటాయి. రేకు తొడిమ నుంచి కొస దాకా ఆ ముడతలు నిలువుగా ఉండేలా కోయాలి. అప్పుడే రెండు బొటనవేళ్లతో నడుమ పట్టి పక్కలకు లాగితే లోతు వస్తుంది. అడ్డంగా కోస్తే ఎంత లాగినా కాగితంలాగే ఉంటుంది. స్కూలు పిల్లలు వాడే పల్చటి రకం రేకులకు నిలవదు, కాడల మీద చుట్టడానికైతే పనికొస్తుంది. గులాబీ, పియోనీ (ఒత్తు రేకుల పెద్ద పువ్వు) లాంటి వాటికి 160 గానీ 180 గానీ గ్రాముల మందపాటి రకం కొనండి. ధర ఎక్కువైనా రెండోసారి చేసే బాధ తప్పుతుంది. తీగ కొనేటప్పుడు నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి, కాడకు 18, రేకులు కట్టడానికి 26. కాడలకు చుట్టే ఆకుపచ్చ ఫ్లోరల్ టేపును ఊరికే చుడితే అంటుకోదు, సాగదీస్తూ చుట్టినప్పుడే అందులోని మైనం జిగురు పట్టుకుంటుంది. టేపు నకిలీదని తిట్టుకునేవాళ్లలో చాలామంది దాన్ని సాగదీయనివాళ్లే.

నమూనా కోసం వీడియోలు చూడండి, తప్పు లేదు. కానీ నిజం పువ్వు ఒకటి కొనుక్కొచ్చి, రేకులన్నీ విడదీసి, వరుసగా తెల్లకాగితం మీద పరిచి చూడండి. లోపలి రేకు బయటి రేకు కంటే ఎంత చిన్నది, ఎక్కడ వంగింది, రంగు ఎక్కడ పలచబడింది అన్నీ తెలుస్తాయి. మేరీ డెలానీ అనే ఇంగ్లీషు ఆవిడ 72 ఏళ్ల వయసులో, 1772లో, రంగు కాగితం ముక్కలతో పూల బొమ్మలు అతికించడం మొదలుపెట్టి దాదాపు 1000 చేసింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చెట్టు నుంచి తెచ్చిన పువ్వును ఎదురుగా పెట్టుకునే చేసేది. ఆవిడకు కంటిచూపు తగ్గేదాకా తీరిక ఉంది, మీకు పన్నెండు వారాలే ఉంది. అయినా ఆ అలవాటు మాత్రం అరువు తెచ్చుకోదగ్గదే.

చేతిలో పట్టుకునే గుత్తి విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు. డబ్బు కోసమే అయితే గుత్తిని నిజం పూలతోనే కట్టండి. పాతిక కాడలతోనే గుత్తి వచ్చేస్తుంది, దాన్ని కాగితంతో చేసి మిగుల్చుకునేది పెద్దగా లేదు. చేత్తో చేయాల్సింది ఆ గుత్తిని దాచుకోవాలనుకునేవాళ్లు. అందులో చిన్నతనమేమీ లేదు. విక్టోరియా రాణి 1840లో పెళ్లినాడు తలకు నారింజ పూల కిరీటం పెట్టుకుంది. ఆ తర్వాత పెళ్లికూతుళ్లందరికీ అదే మోజైంది, అసలు పూలు వాడిపోతాయని మైనంతో చేసినవి పెట్టుకునేవారు. ఆ మైనపు కిరీటాలు కొన్ని ఇప్పటికీ మ్యూజియాల్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

కాగితం గుత్తికి ఒక పెద్ద శత్రువు ఉంది, చెమట. క్రేప్‌లో రంగు నీటికి దిగిపోతుంది. ముదురు ఎరుపు, ఊదా మరీ దారుణం. ఒకసారి తెల్ల దుస్తులు వేసుకున్న అమ్మాయికి ఎర్ర గుత్తి చేసిచ్చాను. ఫొటోలు అయ్యేసరికి అరచేయీ ఎర్రనే, నడుము దగ్గర దుస్తులూ ఎర్రనే. ఆవిడ నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. ఇప్పుడు కాడలన్నీ టేపుతో కట్టాక ముందు ప్లాస్టిక్ పొర, దానిపైన దళసరి గుడ్డ రిబ్బను చుట్టకుండా ఏ గుత్తీ ఇవ్వను. ఇదే కారణంగా కాగితం పూల మధ్యలో పచ్చి ఆకులు పెట్టకండి. ఆకు కావాలంటే గ్లిజరిన్ పట్టించింది పెట్టండి. ఒక వంతు గ్లిజరిన్‌కు రెండు వంతుల వేడి నీళ్లు కలిపి, యూకలిప్టస్ లాంటి గట్టి ఆకుల కొమ్మల చివర్లు చితక్కొట్టి అందులో నిలబెడితే రెండు మూడు వారాల్లో పీల్చుకుంటాయి. రంగు కాస్త గోధుమ వైపు తిరుగుతుంది, ఆకు మాత్రం తోలులా మెత్తగా ఉండిపోతుంది.

జడలోకి, కోటు మీదికి గుడ్డ పూలు. కౌగిలింతలు, తోపులాటలు, గంటల తరబడి ఉక్కపోత, వీటన్నిటికీ కాగితం ఆగదు. పాలియెస్టర్ శాటిన్ గానీ ఆర్గంజా గానీ అయిదారు గుండ్రాలు, ఒకదానికంటే ఒకటి చిన్నగా, వంకరటింకరగానే కత్తిరించండి. కొవ్వొత్తి మంటకు అంచును పక్కనుంచి, అంటీ అంటకుండా తిప్పితే కరిగి లోపలికి ముడుచుకుంటుంది. అన్నీ పేర్చి నడుమ పూసతో కుట్టేస్తే పువ్వు, పది నిమిషాల పని. నూలు గుడ్డతో దీన్ని ప్రయత్నించకండి, అది ముడుచుకోదు, అంటుకుంటుంది. పక్కన గిన్నెలో నీళ్లు పెట్టుకోండి. క్రోషే పూలు అడుగుతారు చాలామంది. ఒక్కటి గంట తింటుంది, అమ్మకో అమ్మమ్మకో ఇవ్వడానికి ఒకటో రెండో అల్లుకోండి, అంతే. బెండు పూలు రెడీమేడ్‌గా దొరుకుతాయి, తెల్లగా ఉంటాయి, నీళ్లలో కలిపిన యాక్రిలిక్ రంగులో ముంచి ఆరబెడితే మీ రంగు మీకు వస్తుంది. ఆ రంగునీళ్లలో నాలుగు చుక్కల గ్లిజరిన్ వేస్తే రేకులు పెళుసెక్కవు. చేతిపనికీ కొనుగోలుకీ మధ్యలో ఉండే ఈ దారి, టైము తక్కువున్నవాళ్లకు మంచిది.

నిజం పూలను పూర్తిగా వదిలేయమని చెప్పను. ఏ కాలంలో ఏవి విరివిగా పూస్తే అవే తీసుకోవాలి, అంతే. పేరున్న పువ్వు పది కొనే బదులు చామంతో, కార్నేషనో ఒకే రకం, ఒకే రంగు ఒక పెద్ద కట్ట తీసుకుని ఒత్తుగా గుచ్చి పెట్టండి, చూసినవాళ్లు పువ్వు పేరు అడుగుతారు. కార్నేషన్‌ను చవకబారుదని చిన్నచూపు చూస్తారు గానీ, నీళ్లు మారుస్తుంటే రెండు వారాలు నిలుస్తుంది. సన్నటి తెల్ల పూల జిప్సోఫిలా కట్ట ఒక్కటి విడదీస్తే ఎనిమిది, పది సీసాలకు సరిపోతుంది. బంతిలా గుత్తులుగా పూసే హైడ్రేంజియా అందానికి లొంగకండి, ఎండ తగిలితే గంటలో తల వాలుస్తుంది. ఇప్పటికే కొనేసి ఉంటే, వాలిన పువ్వును తలకిందులుగా చల్లటి నీళ్లలో అరగంట ముంచండి, అది రేకుల ద్వారా కూడా నీళ్లు తాగుతుంది, చాలాసార్లు తేరుకుంటుంది.

పూలు రెండు మూడు రోజుల ముందు తెచ్చుకోండి, విచ్చుకోవాల్సిన లిల్లీలైతే అయిదు రోజుల ముందు. బకెట్లను సబ్బుతో రుద్ది కడగండి, పాత మురికి ఉంటే అందులోని సూక్ష్మజీవులు కాడల గొట్టాలు మూసేస్తాయి. నీటిలో మునిగే ఆకులన్నీ దూసేయండి. కాడ చివర రెండు సెంటీమీటర్లు ఏటవాలుగా కోసి వెంటనే నీళ్లలో పెట్టండి, ఒక రాత్రి చల్లటి చీకటి గదిలో ఉంచండి. పండిన పండ్లున్న గదిలో మాత్రం పెట్టొద్దు. పండ్లు వదిలే ఇథిలీన్ వాయువుకు పూలు తొందరగా ముసలివైపోతాయి, కార్నేషన్లు ముఖ్యంగా. లిల్లీ విచ్చుకోగానే కేసరాల మీది పుప్పొడి కాయలు గిల్లేయండి. బట్టల మీద పుప్పొడి పడితే తడి చేయకండి, రుద్దకండి, సెలోటేపుతో అద్ది లేపండి. పెరటి ఆకులు కోసుకునేవాళ్లకు ఒక మాట, గన్నేరు విషం, అన్నం బల్లల దగ్గరికీ కేకు మీదికీ రానివ్వకండి.

పూలు గుచ్చడానికి ఆకుపచ్చ ఫోమ్ ఇటుకలు కొనమంటారు. 1954లో అమెరికాలో స్మిదర్స్ కంపెనీ తెచ్చిన సరుకది, ఫినాల్ ఫార్మాల్డిహైడ్ ప్లాస్టిక్. ఒకసారి గుచ్చితే అయిపోయింది, మట్టిలో కలవదు, పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్రిటన్‌లో తోటల పెంపకం సంఘమైన రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది. మీ పొదుపు లెక్కకైనా అది దండగ ఖర్చే. కోళ్ల గూళ్లకు వాడే సన్నటి ఇనుప జాలీ ముక్కను బంతిలా నలిపి గిన్నెలో కుక్కి, పైన టేపు అడ్డంగా వేయండి. కాడ ఎటు కావాలంటే అటు నిలబడుతుంది, ఆ జాలీ పదేళ్లు వాడుకోవచ్చు. వెడల్పు మూతి సీసాలకు జాలీ కూడా అక్కర్లేదు, మూతి మీద సెలోటేపుతో గళ్లు వేస్తే చాలు. బల్ల మీద పెట్టేవి కూర్చున్నవాళ్ల కళ్ల కంటే కిందనే ఉండాలి, ఎదుటివాళ్లతో మాట్లాడటానికి మెడ వంచాల్సి వస్తే ఎవరో ఒకరు ఆ సీసా తీసి కింద పెట్టేస్తారు. ద్వారం దగ్గరి పూలు అందరూ లోపలికొచ్చాక అక్కడ ఎవరూ చూడరు, వాటిని విందు గదికి మార్చే పని ముందే ఒకరికి అప్పగించండి. పేరుపెట్టి అప్పగించండి, "ఎవరో ఒకరు మారుస్తారులే" అనుకున్న పూలు అక్కడే వాడిపోతాయి.

మీ పన్నెండు వారాలను ఎలా పంచుకోవాలంటే, మొదటి వారం నమూనాకు సరిపడా తప్ప ఏమీ కొనకండి. ఒక్కో రకం ఒక్క పువ్వు చేసి, గడియారం పెట్టి కొలిచి, పది అడుగుల దూరం నుంచి ఫోనుతో ఫొటో తీయండి. ఫొటోలో బాగాలేనిది ఎంత ముద్దొచ్చినా వదిలేయండి. ఎండబెట్టే పూలు కావాలంటే అవి కూడా ఇప్పుడే, ఎందుకంటే స్టాటిస్, బొగడబంతి, కోడిజుట్టు పూలను చీకటి గదిలో తలకిందులుగా వేలాడదీస్తే పూర్తిగా ఆరడానికి రెండు మూడు వారాలు పడుతుంది. రెండో వారం సామాను మొత్తం ఒకేసారి కొనండి, క్రేప్ రంగు ఒక్కో బ్యాచికి మారిపోతుంది, మధ్యలో అయిపోతే అదే ఛాయ దొరక్కపోవచ్చు. మూడు నుంచి తొమ్మిది దాకా చేతిపని. ఇద్దరూ చెరో పువ్వూ మొదటినుంచి చివరిదాకా చేయకండి. ఒక సాయంత్రమంతా రేకులు కోయడమే, ఇంకో సాయంత్రమంతా వంచడమే, మరో సాయంత్రం అతికించడమే. ఇలా పంచుకుంటే పువ్వుకు పట్టే టైము సగానికి పడిపోతుంది. చుట్టాల పిల్లలు సాయానికొస్తే టిష్యూ గుండ్రాల మడతలు ఇవ్వండి, గ్లూ గన్ ఇవ్వకండి. పదో వారానికి ఎన్ని అయితే అన్నిటితో ఆపేయండి. ఆ తర్వాత చేసినవి నిద్రమత్తులో చేసినవని చూడగానే తెలిసిపోతాయి.

అయినవాటిని అట్టపెట్టెల్లో, ఎండ తగలని చోట దాచండి. కిటికీ పక్కన నాలుగు రోజులుంటే క్రేప్ వెలిసిపోతుంది. కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పడేయకుండా పెట్టెకు రెండు వేయండి, తేమకు రేకులు జారిపోకుండా ఉంటాయి. కాగితం పూలకు దగ్గర్లో కొవ్వొత్తులుంటే బ్యాటరీవి పెట్టండి, ఈ విషయంలో ఎవరు మొహమాటపెట్టినా వినకండి. తెర దగ్గర వేడెక్కే లైట్లు కాకుండా ఎల్ఈడీలే వేయమనండి.

పెళ్లిరోజుకు ఒక చిన్న డబ్బా సర్దండి: గ్లూ గన్, రెండు టేపులు, తీగ, కత్తెర, పిన్నీసులు, విడి పూలు పది, సెలోటేపు. ఫొటోల్లో నిలబడక్కర్లేని మనిషెవరైనా ఉంటే చూసి డబ్బా వాళ్లకివ్వండి. మీ అక్కకు మాత్రం వద్దు, ఆ రోజు ఆవిడ ఫొటోల్లో ఉండాలి.